డీసీ మోటారు వేగం డ్రైవ్‌కు ఎలా తెలియాలి?

కాగితపు మిల్లుల్లోను, చక్కెర కర్మాగారాల్లోను, స్టీలు రోలింగ్ మిల్లుల్లోను డీసీ మోటార్లు నేటికీ తిరుగుతూనే ఉన్నాయి. పాత మోటారును అలాగే ఉంచి కొత్త డ్రైవ్ (మోటారుకు వోల్టేజీ ఇచ్చి వేగాన్ని అదుపు చేసే పరికరం) బిగించేటప్పుడు, దాని వేగం డ్రైవ్‌కు ఏ దారిన తెలియాలన్నది ముందే తేల్చుకోవాలి. ఆర్మేచర్‌కు, అంటే మోటారులో తిరిగే చుట్టకు, ఇచ్చే వోల్టేజీని బట్టి వేగాన్ని అంచనా వేయవచ్చు, షాఫ్టుకు టాకో జనరేటర్ (వేగానికి తగ్గ వోల్టేజీ ఇచ్చే చిన్న జనరేటర్) తగిలించి కొలవవచ్చు, లేదా షాఫ్టు తిరిగిన కొద్దీ పల్స్‌లిచ్చే ఎన్‌కోడర్ పెట్టి వాటిని లెక్కపెట్టవచ్చు. కేటలాగులు ఈ మూడింటి ఖచ్చితత్వాన్నీ శాతాల్లో చెబుతాయి గాని, ఆ శాతం సాధారణంగా గరిష్ఠ వేగంలో శాతం. ఈ సంగతి పట్టించుకోకపోవడం వల్లనే తప్పుడు ఎంపికలు జరుగుతాయని నా అభిప్రాయం.

మోటారుకు ఇచ్చే వోల్టేజీలో కొంత భాగం ఆర్మేచర్ నిరోధంలో ఖర్చవుతుంది. మిగిలినది బ్యాక్ ఈఎంఎఫ్, అంటే తిరిగే మోటారు తనలో తానే ఎదురుగా పుట్టించే వోల్టేజీ. ఫీల్డ్ (ఆర్మేచర్ తిరిగే అయస్కాంత క్షేత్రం) మారనంత వరకు వేగం ఈ బ్యాక్ ఈఎంఎఫ్‌కు అనులోమంగా ఉంటుంది. ఉదాహరణకు లోడ్ లేనప్పుడు 440 వోల్టుల వద్ద 1500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరిగే మోటారు పూర్తి లోడ్‌లో 100 ఆంపియర్లు తీసుకుంటుందని, దాని ఆర్మేచర్ నిరోధం 0.2 ఓమ్ అని అనుకుందాం. లోడ్ పడగానే 20 వోల్టులు నిరోధంలో పోతాయి, వేగం సుమారు 68 ఆర్‌పీఎం తగ్గుతుంది. గరిష్ఠ వేగంతో పోలిస్తే ఇది 4.5 శాతమే కనుక చాలా కన్వేయర్లకు, ఫ్యాన్లకు పెద్ద లోపం కాదు. అదే మోటారును 150 ఆర్‌పీఎం వద్ద నడిపితే ఇచ్చే వోల్టేజీ 44 మాత్రమే. అందులోనూ అవే 20 వోల్టులు పోతాయి కాబట్టి వేగం దాదాపు 82 ఆర్‌పీఎంకు పడిపోతుంది. కాగితం మీద 4.5 శాతంగా కనిపించిన లోపం నడిచే యంత్రం మీద సగానికి దగ్గరగా తేలుతుంది.

దీన్ని సరిదిద్దడానికి డ్రైవ్‌లలో ఐఆర్ కాంపెన్సేషన్ అనే సదుపాయం ఉంటుంది. ఆర్మేచర్ కరెంటు పెరిగిన కొద్దీ, నిరోధంలో పోయే మేరకు వోల్టేజీని అది పెంచుతుంది. అయితే రాగి నిరోధం వేడితో మారుతుంది: 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 0.2 ఓమ్ ఉన్న చుట్ట 105 డిగ్రీలకు చేరేసరికి 0.26 ఓమ్ అవుతుంది. ఉదయం చల్లని మోటారు మీద సరిచేసిన అమరిక, మోటారు వేడెక్కాక పూర్తి లోడ్‌లో మళ్ళీ 20 ఆర్‌పీఎం తక్కువ చూపుతుంది. వేడి మోటారుకు సరిపోయేలా పెంచి పెడితే చల్లగా ఉన్నప్పుడు అది అతి అవుతుంది. లోడ్ పెరిగితే వేగం తగ్గడానికి బదులు పెరుగుతుంది, మోటారు హంటింగ్‌లో పడుతుంది, అంటే వేగం నిలవక పైకీ కిందికీ ఊగుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఈ అమరికను పూర్తిగా కాక కొంత తక్కువగానే ఉంచుతారు. ఫీల్డ్ చుట్ట వేడెక్కి దానిలో కరెంటు తగ్గినా వేగం మారుతుంది, ఆర్మేచర్ వోల్టేజీకి మాత్రం ఆ మార్పు అంతుచిక్కదు.

టాకో ఈ చిక్కులన్నిటినీ దాటుతుంది, ఎందుకంటే అది షాఫ్టు వేగాన్నే కొలుస్తుంది. పరిశ్రమల్లో తరచుగా కనిపించే రకం 1000 ఆర్‌పీఎంకు 60 వోల్టులు ఇస్తుంది. 1500 వద్ద 90 వోల్టులు వస్తాయి. కానీ 15 ఆర్‌పీఎం వద్ద వచ్చేది 0.9 వోల్టు, అంత తక్కువలో బ్రష్‌ల (తిరిగే భాగం నుంచి కరెంటు తీసుకునే కార్బన్ ముక్కల) మీది మురికి కూడా లెక్కలోకి వస్తుంది. అంతకంటే తరచుగా బాధించేది రెండు షాఫ్టులను కలిపే కప్లింగ్. టాకో షాఫ్టు మోటారు షాఫ్టుతో సరిగ్గా ఒకే గీతలో లేకపోతే, వేగం నిలకడగా ఉన్నా ప్రతి చుట్టుకూ సిగ్నల్ ఊగుతుంది. డ్రైవ్ దాన్ని నిజమైన మార్పుగా నమ్మి, లేని లోపాన్ని దిద్దబోయి ఉన్న నిలకడను చెడగొడుతుంది. ఖరీదైన టాకో కొని కప్లింగ్ దగ్గర పొదుపు చేయడం అర్థం లేని పని.

ఒకదాని వెనుక ఒకటి కాగితాన్ని లాగే విభాగాల మధ్య వేగాల నిష్పత్తి చెక్కుచెదరకూడదనుకున్నప్పుడు ఎన్‌కోడర్ మేలు. చుట్టుకు 1024 పల్స్‌లిచ్చే ఎన్‌కోడర్ 1500 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 25,600 పల్స్‌లిస్తుంది. అయితే 3 ఆర్‌పీఎం వద్ద వచ్చేవి 51 మాత్రమే కనుక, అక్కడ పల్స్‌లను లెక్కించడం కంటే రెండు పల్స్‌ల మధ్య కాలాన్ని కొలవడం మంచిది. షీల్డ్ ఉన్న కేబులు వేసి, దాన్ని పవర్ కేబుళ్ళకు దూరంగా తీసుకెళ్ళడం తప్పనిసరి. ఆప్టికల్ రకమైతే దుమ్ము, కంపనాల నుంచి కూడా కాపాడాలి.

ఇక భద్రత. టాకో వైరు తెగితే డ్రైవ్‌కు మోటారు ఆగిపోయినట్లు కనిపిస్తుంది. అది వోల్టేజీని పెంచుకుంటూ పోతుంది, మోటారు అదుపు తప్పుతుంది. వైర్లు తారుమారు చేసి కలిపినా జరిగేది ఇదే. అందుకే చాలా డ్రైవ్‌లు టాకో సిగ్నల్‌ను ఆర్మేచర్ వోల్టేజీతో నిరంతరం సరిపోల్చుకుంటాయి; రెండూ పొసగకపోతే ట్రిప్ అవుతాయి (తమంతట తామే ఆగిపోతాయి), లేదా వోల్టేజీ ఫీడ్‌బ్యాక్‌కు మారి పనిని కొనసాగిస్తాయి. ఈ రెండో ఏర్పాటు ఫీల్డ్ మారనంత వరకే పనికివస్తుంది. ఫీల్డ్‌ను బలహీనపరిచి బేస్ స్పీడ్‌కు (పూర్తి ఫీల్డ్, పూర్తి వోల్టేజీతో వచ్చే వేగానికి) మించి నడిపే మోటారులో ఆర్మేచర్ వోల్టేజీ దాదాపు స్థిరంగా ఉండి, వేగం దాన్నిబట్టి తెలియకుండా పోతుంది కాబట్టి, అక్కడ టాకో గాని ఎన్‌కోడర్ గాని ఉండితీరాలి, దాని సిగ్నల్ పోయిన క్షణమే డ్రైవ్ ట్రిప్ కావాలి.