ఇంటి ముందు ఆపిన కారులో దొంగతనాలు: అపోహలు - వాస్తవాలు

ఇంటి ముందు ఆపిన కారులోంచి ఏదైనా పోయిందని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది ఒకటే: "అద్దం పగిలిందా, డోరు వంచారా?" తరచూ వచ్చే జవాబు, "లేదండీ, ఎక్కడా చిన్న గీత కూడా లేదు. ఎలా తీశారో అర్థం కావడం లేదు." చాలాసార్లు జరిగింది చాలా మామూలు విషయం. డోరుకు లాక్ పడలేదు.

ఆస్తి నేరాల దర్యాప్తులో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు కాలనీలకూ అపార్ట్‌మెంట్లకూ భద్రతా సలహాలు ఇస్తున్నాను. ఈ పనిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏమిటంటే, ఈ దొంగతనాల్లో చాలావాటిని పైసా ఖర్చు లేకుండా ఆపవచ్చు. మనం డబ్బు పోసేది ఒకచోట, దొంగ చూసేది ఇంకోచోట. ఆ తేడా ఎక్కడుందో నాకు తెలిసినంత మేర రాస్తున్నాను.

అపోహ: కార్లలో దొంగతనం చేసేవాళ్లు తాళాలు తీయడంలో ఆరితేరినవాళ్లు.

వాస్తవం: అలాంటివాళ్లు ఉన్నారు, కానీ వాళ్ల చూపు సాధారణంగా కారు మీదే ఉంటుంది, కారులోని బ్యాగు మీద కాదు. నివాస ప్రాంతాల్లో కార్లలోని వస్తువులు ఎత్తుకెళ్లేవాళ్లలో చాలామంది చేసేది, అర్ధరాత్రి దాటాక వీధిలో నడుచుకుంటూ వరుసగా డోర్ హ్యాండిళ్లు లాగి చూడటం. తెరుచుకున్నదాంట్లోకి చెయ్యి పెడతారు, తెరుచుకోకపోతే తర్వాతి కారు దగ్గరికి వెళ్తారు. ఒక్కో కారు దగ్గర కొన్ని సెకన్లే ఆగుతారు.

కొన్నిసార్లు హ్యాండిల్ లాగాల్సిన పని కూడా ఉండదు. ఇప్పుడు చాలా కార్లకు లాక్ చేయగానే సైడ్ మిర్రర్లు వాటంతటవే ముడుచుకుంటాయి. అలాంటి మోడల్‌లో మిర్రర్లు విప్పుకుని ఉన్నాయంటే లాక్ పడలేదని దూరం నుంచే తెలిసిపోతుంది. మీ కారుకు ఈ సదుపాయం ఉంటే ఆ గుర్తును మీరే ముందు చూడండి.

రిమోట్ నొక్కాం కాబట్టి లాక్ పడినట్టే అనుకోవద్దు. రిమోట్ నుంచి కారుకు వెళ్లేది రేడియో సిగ్నల్. దగ్గర్లో ఎవరైనా జామర్ పెట్టుకుని కూర్చుంటే ఆ సిగ్నల్ కారుకు అందదు. మనం ఫోన్ మాట్లాడుతూ వెనక్కి తిరక్కుండా బటన్ నొక్కి వెళ్లిపోతాం. ఇండికేటర్లు వెలిగాయా లేదా చూడాలి, ఒకసారి చేత్తో హ్యాండిల్ లాగి చూడాలి. కీలెస్ కారైతే, అంటే తాళం దగ్గరుంటే చాలు బటన్ నొక్కకుండానే తెరుచుకునే కారైతే, తాళం మీ జేబులో ఉండగా లాగితే మళ్లీ తెరుచుకోవచ్చు కాబట్టి, మిర్రర్లూ లైట్లూ చూసుకోవడమే నయం.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని పాస్కో కౌంటీ షరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) కార్యాలయం 2017లో సోషల్ మీడియాలో ఒక అలవాటును ప్రచారం చేయడం మొదలుపెట్టింది. రోజూ రాత్రి 9 గంటలకు కారులోని విలువైన వస్తువులు తీసేయడం, కారు లాక్ చేయడం, ఇంటి తలుపులు చూసుకోవడం. అంతే. తర్వాత మరెన్నో పోలీసు విభాగాలు ఇదే మాట అందుకున్నాయి. నేను చెప్పే సలహాల్లో నాకు అన్నిటికన్నా నమ్మకం ఉన్నది దీనిమీదే. గుర్తుంటే చేద్దాం అనుకున్నవి మర్చిపోతాం. ఒక టైముకు కట్టేసిన పని మర్చిపోం.

అపోహ: ఎలాగూ అద్దం పగలగొడతారు, దానికన్నా డోరు తీసి ఉంచడమే మేలు.

వాస్తవం: ఈ మాట అనేవాళ్లు ఒకసారి అద్దం మార్పించుకుని విసిగిపోయినవాళ్లు. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. కానీ అద్దం పగిలితే చప్పుడవుతుంది, చేతికి గాయమవుతుంది, పక్కింట్లో లైటు వెలుగుతుంది. ఆ భయం వల్లే చాలామంది లాక్ వేసి ఉన్న ఖాళీ కారును వదిలేస్తారు. డోరు తీసి ఉన్న కారులో మాత్రం దొంగ తీరిగ్గా కూర్చుని వెతుక్కోవచ్చు. డ్యాష్‌బోర్డులోని కాగితాలు చదివి మీ అడ్రసు తెలుసుకోవచ్చు. పైగా డోరు లాక్ చేయకపోతే కొన్ని బీమా కంపెనీలు క్లెయిమ్ దగ్గర పేచీ పెడతాయి.

అపోహ: ఆ బ్యాగులో ఏమీ లేదు, ఉంటే ఏమవుతుంది?

వాస్తవం: ఖాళీ అని మీకు తెలుసు, దొంగకు తెలియదు. అద్దంలోంచి కనిపించేది బ్యాగే తప్ప అందులో ఏముందో కాదు. నేను చూసిన కేసుల్లో జిమ్ బట్టల సంచి కోసం, సీటు మీద మడిచి పెట్టిన జాకెట్ కోసం అద్దాలు పగిలాయి. జాకెట్ కింద ఏదో దాచారని అనుకుంటారు. వస్తువు మీద గుడ్డ కప్పడం దాచినట్టు కాదు, ఇక్కడేదో ఉందని చూపించినట్టు.

దొంగలు ఎలాంటి వస్తువులు కోరుకుంటారన్న దానిమీద నేరశాస్త్రవేత్త రొనాల్డ్ క్లార్క్ 1999లో ఆరు లక్షణాలు చెప్పారు. సులువుగా దాచగలిగేది, తీసుకెళ్లగలిగేది, అందుబాటులో ఉన్నది, విలువైనది, వాడుకుని ఆనందించగలిగేది, తేలిగ్గా అమ్ముకోగలిగేది. ఫోన్, లాప్‌టాప్, కళ్లజోడు, చేతిసంచి, పనిముట్ల పెట్టె: ఒక్కోదాన్నీ ఈ ఆరు గీటురాళ్ల మీద పెట్టి చూడండి. దాదాపు అన్నీ నెగ్గుతాయి. ఈ ఆరింటిలో మన చేతిలో పూర్తిగా ఉన్నది 'అందుబాటు' ఒక్కటే.

కనిపించే వస్తువులే కాదు, వాటి ఆనవాళ్లు కూడా సమస్యే. వేలాడుతున్న చార్జింగ్ వైరు ఉందంటే ఫోనో ట్యాబో ఎక్కడో ఉందనుకుంటారు. ముందు అద్దం మీద ఫోన్ హోల్డర్ వదిలిన గుండ్రటి మచ్చ కూడా అదే చెబుతుంది. కప్పుల అరలో చిల్లర నాణేలు కూడా చాలు. దిగేటప్పుడు వైరు తీసేసి, మచ్చ తుడిచేసి, డ్యాష్‌బోర్డు అర ఖాళీ చేసి తెరిచి ఉంచితే, లోపల ఏమీ లేదని బయటి నుంచే కనిపిస్తుంది.

డిక్కీలో పెడితే సరిపోతుంది కదా అని అడుగుతారు. సీటు మీద వదలడం కన్నా నయమే. అయితే ఎక్కడ పెడుతున్నారన్నదానితో పాటు ఎప్పుడు పెడుతున్నారన్నదీ ముఖ్యం. కారు ఆపాక, దిగి, అందరూ చూస్తుండగా డిక్కీ తెరిచి లాప్‌టాప్ పెడితే చూసేవాళ్లకు దారి చూపించినట్టే. బయల్దేరే ముందే పెట్టేయాలి. చాలా కార్లలో వెనక సీటు మడిస్తే డిక్కీలోకి దారి ఉంటుంది. చిన్న వెనక అద్దం పగలగొట్టి, సీటు కొద్దిగా వంచి తొంగి చూసే పద్ధతి దొంగలకు బాగా తెలుసు. కాబట్టి రాత్రంతా కారు ఆగి ఉండేచోట డిక్కీని కూడా నమ్ముకోవద్దు, ఇంట్లోకి తెచ్చుకోండి.

కారులో అసలే ఉండకూడనివి మూడు: ఇంటి తాళం, గ్యారేజీ రిమోట్, అడ్రసు ఉన్న ఒరిజినల్ కాగితాలు. ఈ మూడూ కలిసి పోతే కథ కారుతో ఆగదు.

అపోహ: వీధిలైటు కింద ఆపితే భయం లేదు.

వాస్తవం: లైటు వల్ల మంచి జరగాలంటే ఆ వెలుతురులో చూసే కళ్లు ఉండాలి. సాయంత్రం పూట మనుషులు తిరిగే వీధిలో లైటు బాగా పనిచేస్తుంది. తెల్లవారుజామున మూడింటికి అందరూ నిద్రపోతున్న వీధిలో అదే లైటు దొంగకు టార్చి అవుతుంది, మీ సీటు మీద ఏముందో చూపిస్తుంది.

ఇంగ్లండ్‌లోని థేమ్స్ వ్యాలీ ప్రాంతంలో అర్ధరాత్రి నుంచి కొన్ని గంటలపాటు వీధిలైట్లు ఆపేసిన చోట్ల ఏం జరిగిందో లండన్ పరిశోధకులు పరిశీలించి 2022లో ప్రచురించారు. లైట్లు ఆపేసిన వీధుల్లో కార్లలోంచి జరిగే దొంగతనాలు పెరగలేదు, తగ్గాయి. చీకట్లో టార్చి వేసుకుని కార్లలోకి తొంగి చూసేవాడు వెంటనే కనిపిస్తాడు కదా. అయితే ఆ దొంగతనాల్లో కొన్ని దగ్గర్లోని లైట్లున్న వీధులకు తరలిపోయి ఉండవచ్చని కూడా వాళ్లే హెచ్చరించారు. అందుకే లైట్లు తీసేయమని నేను చెప్పను. ఆడవాళ్లు, పెద్దవాళ్లు నడిచే దారికి వెలుతురు కావాల్సిందే. కారు భద్రత కోసమైతే రాత్రంతా వెలిగే లైటు కన్నా, మనిషి కదలికకు టక్కున వెలిగే సెన్సర్ లైటుకే నా ఓటు. అది దొంగను ఉలిక్కిపడేలా చేస్తుంది, మీ దృష్టినీ అటు తిప్పుతుంది.

అపోహ: సీసీ కెమెరా ఉంది కాబట్టి మన వీధి జోలికి రారు.

వాస్తవం: నలభై ఏళ్ల పరిశోధనలను పోగుచేసి 2019లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, కెమెరాల ప్రభావం అన్నిటికన్నా ఎక్కువ కనిపించింది పార్కింగ్ స్థలాల్లో. నివాస ప్రాంతాల్లో కూడా ఉంది, కానీ తక్కువ. మనుషులు కూర్చుని గమనించే కెమెరాలు, ఇతర జాగ్రత్తలతో కలిపి పెట్టినవి బాగా పనిచేశాయి. గోడకు తగిలించి మర్చిపోయిన కెమెరా దొంగతనాన్ని రికార్డు చేస్తుంది, ఆపదు.

ఆ రికార్డు కూడా పనికిరాకుండా పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. కెమెరా మరీ ఎత్తున ఉంటే టోపీ తప్ప ముఖం కనపడదు. గడియారం తప్పుగా ఉంటే ఏ ఫుటేజీ ఎప్పటిదో తెలియదు. మీరు ఊరి నుంచి వచ్చేసరికి పాత రికార్డింగ్ చెరిగిపోయి ఉంటుంది. ఒక రాత్రి మీరే కారు దగ్గర నిలబడి, ఆ వీడియోలో మీ ముఖం మీరు గుర్తుపట్టగలరేమో చూసుకోండి.

అపోహ: అలారం, ఇమ్మొబిలైజర్ ఉన్నాయి, చాలు.

వాస్తవం: ఇమ్మొబిలైజర్ సరైన తాళం లేకుండా ఇంజిన్ స్టార్ట్ కాకుండా చూస్తుంది. కారు పోకుండా కాపాడటంలో అది బాగా ఉపయోగపడుతుంది, యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేశారు. సీటు మీది బ్యాగుకు మాత్రం దానితో సంబంధం లేదు. సాదా అలారాలు డోరు తెరిస్తేనే మోగుతాయి. పగిలిన అద్దంలోంచి చెయ్యి పెట్టి బ్యాగు లాగేస్తే కొన్ని మోగవు. మోగినా, పిల్లి దూకితే కూడా మోగే అలారానికి ఎవరూ లేవరు. మీ అలారం ఊరికే మోగుతుంటే ముందు దాన్ని బాగు చేయించండి.

అపోహ: తాళం ఇంట్లో భద్రంగా ఉంటే కారు భద్రమే.

వాస్తవం: కీలెస్ కార్ల విషయంలో ఈ మాట చెల్లదు. కారు చాలా తక్కువ దూరం వెళ్లే సిగ్నల్ పంపుతుంది, మీటరు రెండు మీటర్లలో తాళం ఉంటే అది జవాబిస్తుంది, డోరు తెరుచుకుంటుంది. ఇద్దరు దొంగలు చేసేది ఆ దూరాన్ని సాగదీయడం. ఒకరు మీ తలుపు దగ్గర, ఇంకొకరు కారు దగ్గర పరికరాలతో నిలబడి సిగ్నల్‌ను చేరవేస్తారు. తాళం పక్కనే ఉందని కారు నమ్ముతుంది. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జూరిక్ పరిశోధకులు 2011లోనే ఎనిమిది కంపెనీల పది మోడళ్ల మీద దీన్ని చేసి చూపించారు.

తాళాన్ని వీధి తలుపు పక్కన కొక్కేనికి తగిలించవద్దు. సిగ్నల్‌ను అడ్డుకునే లోహపు పొర ఉన్న పౌచ్‌లో పెట్టండి, స్పేర్ తాళాన్ని కూడా. కొన్నాక వదిలేయకుండా, తాళం పౌచ్‌లో ఉంచి కారు దగ్గరికి వెళ్లి డోరు తెరుచుకుంటుందేమో చూడండి. మడతల దగ్గర ఆ పొర అరిగిపోతుంది కాబట్టి అప్పుడప్పుడూ ఈ పరీక్ష చేస్తుండాలి. కదలిక లేకపోతే నిద్రపోయే తాళాలు, దూరాన్ని కచ్చితంగా కొలిచే తాళాలు కొత్త మోడళ్లలో వస్తున్నాయి. చాలా కార్లలో కీలెస్ సదుపాయాన్ని సెట్టింగుల్లో ఆపేయవచ్చు. అంతగా అవసరం లేనివాళ్లు ఆపేయడమే మంచిది.

అపోహ: కారు లోపల ఏమీ లేకపోతే పోయేదేమీ లేదు.

వాస్తవం: కారే ఒక వస్తువుల మూట. కింద సైలెన్సర్ గొట్టంలో ఉండి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. ఆ లోహాల ధర పెరిగినప్పుడల్లా దొంగతనాలు పెరుగుతాయి. ఎత్తుగా ఉండే బళ్ల కిందికి జాకీ కూడా లేకుండా దూరిపోతారు, నిమిషాల్లో కోసేస్తారు. పొద్దున స్టార్ట్ చేయగానే బండి గర్జించిందంటే ముందు కిందికి వంగి చూడండి. దీనికి లోహపు కవచాలు దొరుకుతాయి. చక్రాలకు ప్రత్యేకమైన తాళపు నట్లు ఉన్నాయి, బయట తగిలించిన స్టెప్నీకి కూడా తాళం వేయండి. ఎలక్ట్రిక్ కారైతే రాగి కోసం చార్జింగ్ కేబుల్ కోసుకుపోతారు.

అపోహ: మాది గేటున్న కాలనీ.

వాస్తవం: గేటు కార్లను ఆపుతుంది. నడిచి వచ్చేవాళ్లకు ప్రహరీ గోడలో ఎక్కడో ఒక సందు ఉంటుంది. గేటు ఉందన్న ధీమాతో లోపలివాళ్లు కార్లు లాక్ చేయడం మానేస్తారు. అలా మానేసిన సంగతి దొంగలకు తెలియడానికి ఎక్కువ కాలం పట్టదు.

అపోహ: ఒకసారి వచ్చిన దొంగ మళ్లీ అదే వీధికి రాడు.

వాస్తవం: దీనికి సరిగ్గా వ్యతిరేకం నిజం. ఒక దొంగతనం జరిగిన కొద్ది రోజుల్లోనే, అదే చోట లేదా ఆ దగ్గర్లోనే మళ్లీ జరిగే అవకాశం పెరుగుతుందని ఇంగ్లండ్‌లో నేరాల వివరాల మీద జరిగిన పరిశోధనలు చూపించాయి. ఇళ్ల దొంగతనాలకే కాదు, కార్లలోంచి జరిగేవాటికి కూడా ఇది వర్తించింది. కారణం ఊహించడం కష్టం కాదు. వీధి తెలిసిపోయింది, ఎటు పారిపోవాలో తెలిసింది, ఎవరూ లేవరనీ తెలిసింది. కొత్త లాప్‌టాప్ వచ్చి ఉంటుందని కూడా అనుకుంటారు. అందుకే పక్కింటివాళ్ల కారులో దొంగతనం జరిగిందని వినగానే ఆ రాత్రి నుంచే జాగ్రత్తపడాలి. పగిలిన అద్దానికి ప్లాస్టిక్ కవరు అంటించి వారాల తరబడి వదిలేయవద్దు.

అపోహ: పోయింది చిన్న వస్తువు, ఫిర్యాదు చేసి ఏం లాభం?

వాస్తవం: మీ కళ్లజోడు దొరక్కపోవచ్చు. కానీ ఏ వీధిలో, ఏ రోజు, ఏ సమయంలో జరుగుతున్నాయో తెలిస్తేనే గస్తీని అటు పంపగలరు. ఎవరూ చెప్పని వీధి కాగితం మీద ప్రశాంతంగానే ఉంటుంది. ఏదీ తాకకుండా ముందు ఫోటోలు తీయండి. ఫోన్ ఐఎంఈఐ నంబరు, లాప్‌టాప్ సీరియల్ నంబరు ఇప్పుడే రాసి ఇంట్లో పెట్టుకోండి, పోయాక వెతికితే దొరకవు. కార్డులు పోతే పోలీసుల కన్నా ముందు బ్యాంకుకు ఫోన్ చేయాలి. చాలా మోటారు పాలసీల్లో కారుకు బిగించిన భాగాలకే రక్షణ ఉంటుంది, లోపలి సొంత వస్తువులకు ఉండదు. మీ పాలసీ ఏం చెబుతుందో ఒకసారి చదవండి. ఇంటి తాళమో గ్యారేజీ రిమోటో అడ్రసున్న కాగితంతో పాటు పోతే మర్నాటి దాకా ఆగవద్దు. రిమోట్ కోడ్ చెరిపించి, ఇంటి తాళం ఆ రోజే మార్పించండి.