జట్టులో రూపుదిద్దుకునే స్వభావం

శ్రీకాకుళం జిల్లా తీరంలో పెద్దవల లాగడానికి ఒక ఇంటివాళ్ల బలం చాలదు. తాడు ఒక కొసను ఒడ్డున ఉంచి, కొందరు పడవలో వెళ్లి వలను అర్ధచంద్రాకారంగా నీళ్లలోకి దించుకుంటూ, రెండో కొసను కొంత దూరంలో ఒడ్డుకు చేరుస్తారు. తరువాత రెండు వరుసల మనుషులు గంటల తరబడి ఆ తాళ్లను సమంగా లాగుతూ ఒకరివైపు ఒకరు జరుగుతూ వస్తారు. ఒక వరుస తొందరపడితే వల వంకరపోయి చేప జారిపోతుంది. అందువల్ల పక్కవాడి ఊపును గమనించి తన ఊపును సర్దుకోగలిగినవాడే ఇక్కడ మంచి పనివాడు. పడిన చేపలో వలకూ, పడవకూ, తాడు పట్టిన చేతులకూ వాటాలుంటాయి.

ఏళ్ల తరబడి ఇలా పనిచేస్తే మనిషి స్వభావమే మారుతుందా అన్న ప్రశ్నకు బ్రెజిల్ మత్స్యకారుల మధ్య జరిగిన ఒక పరిశోధన చక్కని ఆధారం చూపింది. లీబ్రాంట్, గ్నీజీ, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు 2013లో దాన్ని ప్రచురించారు. అక్కడ సరస్సు మీద చేపలు పట్టేవారు ఒంటరిగా వెళతారు. సముద్రం మీదికి వెళ్లేవారికి మాత్రం జట్టు తప్పనిసరి. బంతిని బకెట్‌లోకి విసిరే ఆట పెట్టి, బకెట్‌లో పడిన బంతులకు తగ్గ డబ్బు తీసుకుంటారా, లేక మరొకరితో పోటీపడి గెలిస్తే ఎక్కువ తీసుకుంటారా అని అడిగారు. సరస్సువారు పోటీని చాలా ఎక్కువగా కోరుకున్నారు. పోటీ స్వభావం ఉన్నవారే ఒంటరి పనిని ఎంచుకున్నారేమో అన్న అనుమానం సహజమే. కానీ ఒంటరి పనో జట్టు పనో నిర్ణయించేది అక్కడి నీటి తీరు. పైగా ఆ తేడా పని అనుభవం పెరిగేకొద్దీ బయటపడింది. నా దృష్టిలో ఈ పరిశోధనలో అసలు విలువైన అంశం ఇదే. విలువలు ఉపదేశాల కంటే రోజువారీ పని పంచుకునే తీరులోనే ఎక్కువగా ఒంటబడతాయి.

జట్టే సర్వస్వమని దీని అర్థం కాదు. మనుషుల స్వభావాల మధ్య తేడాల్లో దాదాపు సగం వరకు జన్యువులతో ముడిపడి ఉందని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి.

జట్టు ఇచ్చిన విలువలు ఎంతకాలం నిలుస్తాయన్నది మరో ప్రశ్న. సామాజిక మనస్తత్వవేత్త థియోడర్ న్యూకోంబ్ 1930లలో అమెరికాలోని బెన్నింగ్టన్ మహిళా కళాశాలలో, సంప్రదాయవాద కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థినుల రాజకీయ అభిప్రాయాలు అక్కడి వాతావరణంలో ఉదారవాదం వైపు మళ్లడం గమనించారు. దాదాపు పాతికేళ్ల తరువాత వారిని మళ్లీ కలిస్తే, చాలామందిలో ఆ మార్పు చెక్కుచెదరలేదు. వారు తమ భావాలకు దగ్గరగా ఉన్న భర్తలనూ స్నేహితులనూ ఎంచుకున్నారు. మన జిల్లా నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లే కలాసీల్లో (పడవ పనివారిలో) చాలామంది తండేలు (పడవ నాయకుడు) వెంట ఊరివాళ్లతో, బంధువులతో కలిసే వెళతారు. ఊరు దూరమైనా ఊరి కట్టుబాటు పడవలోనే ఉంటుంది.

అదే కట్టుబాటు నోరు కూడా నొక్కుతుంది, ఆ సంగతి దాచకూడదు. మనస్తత్వవేత్త సోలమన్ ఆష్ 1950లలో చేసిన ప్రయోగాల్లో గీతల పొడవు పోల్చమన్నప్పుడు, మిగతా అందరూ కావాలనే ఒకే తప్పు జవాబు చెబితే, పరీక్షకు కూర్చున్నవారి జవాబుల్లో సుమారు మూడో వంతు ఆ తప్పువైపే మొగ్గాయి. నిజం చెప్పే తోడు ఒక్కరు దొరికితే ఆ తప్పులు మునుపటి వాటిలో నాలుగో వంతుకు తగ్గాయి. ఆ తోడు మధ్యలో గుంపువైపు చేరిపోతే మళ్లీ ఒక్కసారిగా పెరిగాయి. కూతురి పెళ్లి వాయిదా వేసి చదివించాలనుకునే తండ్రికి, ఊరంతా కాదన్నప్పుడు, అదే మాట మీద చివరిదాకా నిలబడే రెండో కుటుంబం ఒక్కటున్నా పరిస్థితి చాలా మారవచ్చు.