జానెడు లోతులో చెట్టు ప్రాణం

మా రెండెకరాల బీడులో ఒక వేసవిలో సర్కారు తుమ్మ కంప కొట్టించాం. నలుగురు మనుషులు, గొడ్డళ్లు, పంగలకర్రలు, ఐదు రోజుల పని. చేను నున్నగా కనపడేసరికి ప్రాణం లేచొచ్చింది. రెండు మంచి వానలు పడ్డాక వెళ్లి చూస్తే, కొట్టిన ప్రతి మొద్దు చుట్టూ గుబురుగా పిలకలు. ఒక మొద్దు దగ్గర కూర్చుని లెక్కపెట్టాను. ఒక్క మాను ఉన్నచోట 14 పిలకలు! పక్క చేని పెద్దాయన వచ్చి చూసి, "పైన కొడితే దానికి క్షవరం చేసినట్టే నాయనా, మొదలు తియ్యాల" అన్నారు.

ఆయన అన్న ఆ "మొదలు" ఏమిటో చూద్దామని ఆ మొద్దు చుట్టూ పలుగుతో మట్టి తీశాను. నేలకి కాస్త కిందే, మాను వేరుగా మారే చోట, చెట్టు ఉబ్బి బుడిపెలు బుడిపెలుగా ఉంది. ఒక్కో బుడిపె మీద శనగగింజంత మొగ్గలు. కొన్ని అప్పటికే ఎర్రటి చిగురుగా సాగి మట్టిని తోసుకొస్తున్నాయి. ఇంకో జానెడు కిందికి తవ్వితే బుడిపెలు లేవు, మొగ్గలు లేవు, నున్నటి వేరు మాత్రమే ఉంది.

ఈ మొగ్గలు కొత్తగా పుట్టినవి కావు. చెట్టు చిన్న మొక్కగా ఉన్నప్పుడే ఏర్పడి, బెరడు కింద నిద్రపోతూ ఉంటాయి. వాటిని నిద్రలో ఉంచేది ఆక్సిన్ అనే హార్మోను. ఇది కొమ్మల చివర్లలో తయారై కిందికి దిగుతూ, కింది మొగ్గలు లేవకుండా ఆపుతుంది. గొడ్డలి పడగానే ఆ సరఫరా తెగిపోతుంది, నిద్రమొగ్గలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. వాటికి తిండి అప్పటికే సిద్ధం. ఏళ్ల తరబడి ఆకులు చేసిన పిండిపదార్థం వేళ్లలో నిల్వ ఉంటుంది. పైగా పెద్ద చెట్టుకి నీళ్లు తోడిన వేరు ఇప్పుడు చిన్న చిన్న పిలకలకి తోడుతుంది. విత్తనం నుంచి వచ్చిన మొలకకి ఈ వసతి ఉండదు కాబట్టే, పిలక దానికన్నా ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతుంది.

తాటిచెట్టుతో పోల్చి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. తాటికి ఉన్నది తలలో ఒకే ఒక్క మొగ్గ. తల నరికితే చెట్టు అంతటితో సరి, మొద్దు మళ్లీ చిగురించదు. అలాగని వదిలెయ్యడం కూడా మంచిది కాదు. కుళ్లే తాటి, కొబ్బరి మొద్దుల్లో కూడా కొబ్బరి మొవ్వు తినే కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. కొబ్బరితోటల్లో పడిపోయిన మొద్దుల్ని తీసేయమని చెప్పేది అందుకే.

తుమ్మ దగ్గరికి వద్దాం. ఇది మన చెట్టు కాదు, సొంత ఊరు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. మెట్ట ప్రాంతాల్లో వంటచెరకు కొరత తీరుతుందని 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ దీని విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశారు. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. సర్కారు తెచ్చిన చెట్టు జనం నోట సర్కారు తుమ్మ అయింది. గుజరాత్‌లోని కచ్ వాళ్లయితే దీన్ని గాండో బావళ్ అంటారు, అంటే పిచ్చి తుమ్మ. వంటచెరకు, బొగ్గు, కంచెకి కంప ఇచ్చి ఎన్నో పేద కుటుంబాలని ఇది నిలబెట్టిన మాట నిజం. బీడు భూముల్ని మింగేసిన మాట కూడా అంతే నిజం.

దీని వేరు ఎంత లోతుకి పోతుందో తెలిస్తే రైతుకి టెన్షన్ మొదలవుతుంది. అమెరికాలోని అరిజోనాలో, టూసాన్ దగ్గర ఒక గని తవ్వుతుంటే దీని దగ్గరి బంధువైన మెస్కీట్ చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనిపించింది. అంత లోతు ఎవరు తవ్వగలరు? తవ్వక్కర్లేదు. మొగ్గలన్నీ నేలమట్టం నుంచి అడుగు లోతు లోపలే ఉంటాయి. ఆ భాగాన్ని కోసి పైకి తీసేస్తే కింద మిగిలిన వేరు ఎంత పొడవున్నా సాధారణంగా చిగురించదు. టెక్సస్ పశువుల మైదానాల్లో మెస్కీట్ తీసేటప్పుడు అడుగు లోతున వేళ్లు కోసే పెద్ద నాగలి వాడేది ఈ లెక్కతోనే.

మొద్దు మళ్లీ చిగురించే ఈ గుణాన్నే మన తూర్పు కనుమల్లో మరో రకంగా వాడుకున్నారు. పోడు చేసే గిరిజనులు చెట్లు నరికినా మొద్దుల్ని పెళ్లగించరు. కొన్నేళ్లు పంట తీసి ఆ చోటు వదిలేస్తే, ఆ మొద్దులే పిలకలేసి అడవిని మళ్లీ లేపుతాయి. మొద్దు తీయడమంటే తిరిగి రావద్దని చెప్పడమే. అందుకే ఏ చెట్టు మొద్దు తీయాలో ముందు తేల్చుకోవాలి. గట్టు మీది వేప, చింత, కానుగ జోలికి పోవద్దని నేను ప్రతి ఒక్కరికీ చెప్తాను.

ఇప్పుడు అందరూ జేసీబీనే పిలుస్తున్నారు. పని గంటల్లో అయిపోతుంది, కాదనను. కానీ మన ఎర్ర చెలకల్లో సత్తువున్న పై మట్టి చాలాచోట్ల జానెడే. తొందరపడే డ్రైవరు మొద్దుతోపాటు ఆ మట్టిని గోతిలో పూడ్చి, కింది గరుసుని పైకి తెస్తాడు. ఆ దెబ్బ చాలా ఏళ్లు పంటలో కనపడుతుంది. మొద్దు ఒక్కటే పట్టి లేపమని, వేళ్ల మట్టి అక్కడే దులపమని, పై మట్టి ఒక పక్కకి తీసి చివర్లో కప్పమని దగ్గరుండి చెప్పుకోవాలి. తొలకరి తర్వాత నేల మెత్తబడినప్పుడైతే చిన్న మొద్దులకి పలుగు, పార, గొడ్డలి చాలు. ఎండిన ఎర్రనేల ఇటుకలాంటిది, అప్పుడు మొదలుపెడితే నడుములు పోతాయి. కిరోసిన్ పోయడం, మొద్దు మీద మంట పెట్టడం నాకు నచ్చవు. కిరోసిన్ నేలని పాడుచేస్తుంది. మంట పైపైన కాలి, అడుగున మట్టి చాటున ఉన్న మొగ్గల్ని వదిలేయొచ్చు. పై మట్టిలోని జీవాన్ని మాత్రం చంపేస్తుంది.

మొదటి ఏడాది ఏం వేయాలన్నది కూడా మొద్దులతో ముడిపడిన విషయమే. తెగిన సన్న వేళ్లు మట్టిలో కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తమ కోసం లాక్కుంటాయి, పైరు పసుపు తిరుగుతుంది. ఎండిన వేళ్లకి చెద చేరుతుంది, అది వేరుశనగ కాయల్ని కూడా తొలుస్తుంది. కొత్తగా సాగులోకి తెచ్చిన నేలలో పెద్దవాళ్లు ముందు ఉలవలు చల్లేవాళ్లు. ఉలవ తన నత్రజనిని తనే వేరు బుడిపెల్లో స్థిరపరచుకుంటుంది, తీగ అల్లుకుని కలుపుని అణచేస్తుంది. మేమూ అదే చేశాం.

మొద్దులు పోయినా విత్తనం ఉంది. తుమ్మకాయ తియ్యగా ఉంటుంది, గొర్రెలు, మేకలు, ఆవులు ఇష్టంగా తింటాయి. గట్టి పెంకున్న గింజల్లో ఎన్నో అరగకుండా పేడలో, పెంటికల్లో బయటికొస్తాయి. కడుపులో నాని పెంకు మెత్తబడటంతో తొందరగా మొలుస్తాయి కూడా. మేం ఎరువు కోసమని మరుసటి వేసవిలో చేలో గొర్రెల మంద కట్టించాం. అప్పటిదాకా ఆ మంద తిరిగింది చెరువుగట్టు తుమ్మల కిందే. వానలు పడ్డాక చూస్తే, చేను మొత్తంలో తుమ్మ మొలకలు ఒక్క చోటే ఉన్నాయి. మంద పడుకున్న మేర, తడికలు కట్టిన గీత దాటకుండా, నలుచదరంగా. తడి ఆరకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని రెండు వేళ్లతో ఒక్కొక్కటీ పీకాం, వేరు అప్పటికే జానెడు దిగింది.