చెరువుగట్టున గుర్రాలు, ఆర్వీలు, పిల్లలు: అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరాయంటే చాలు, శనివారం పొద్దున్నే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. నేను అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో గుర్రాల డాక్టర్ని. చదివింది తిరుపతి వెటర్నరీ కాలేజీలో, అక్కడ గుర్రాలకంటే గేదెలనే ఎక్కువ చూశాననుకోండి. వచ్చే ఫోన్లలో కొన్ని గుర్రాల యజమానులవి. తక్కినవి మనవాళ్ళవి. ఓవర్‌ల్యాండ్ పార్క్, విచిటాలాంటి ఇక్కడి ఊళ్ళ నుంచి ఆర్వీ, అంటే పడకలూ వంటిల్లూ ఉన్న పెద్ద బండి, అద్దెకు తీసుకుని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని చెరువుగట్టున దిగుతారు. “అన్నా, పక్క సైటులో గుర్రాలున్నాయి, పిల్లలకేమైనా అంటుకుంటుందా?” దగ్గర మొదలుపెట్టి అన్నీ అడుగుతారు, నీళ్ళ సంగతి తప్ప.

అపోహ: చెరువు నీళ్ళయినా కాస్తే సరిపోతుంది

ఇదొక్కటే చదివి మిగతావి వదిలేసినా నాకేం అభ్యంతరం లేదు.

ఈ మైదానాల్లో మనం చెరువులంటున్నవి చాలావరకు నదులకు కట్ట వేసి చేసిన జలాశయాలు. స్మోకీ హిల్ నది మీది కెనోపోలిస్ ఆనకట్ట 1948లో పూర్తయింది. కాన్సస్ మొట్టమొదటి స్టేట్ పార్కు ఆ ఒడ్డునే ఉంది, గుర్రాలవాళ్ళకు విడిగా క్యాంపూ ఉంది. ఇలాంటి చెరువులకు ఎగువనంతా పొలాలు, పశువుల బీళ్ళు. వాన పడితే ఎరువులోని, పేడలోని భాస్వరం, నత్రజని కొట్టుకొచ్చి చెరువులో చేరతాయి. దానికి ఎండ, కదలని నీళ్ళు తోడైతే నీలి-ఆకుపచ్చ పాచి కమ్ముకుంటుంది. అది సైనోబ్యాక్టీరియా. కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇంకొన్ని అనాటాక్సిన్ తయారుచేస్తాయి, అది నరాల మీద పడుతుంది. దాని దెబ్బకు పశువు నిమిషాల్లోనో గంటల్లోనో చచ్చిపోవచ్చు. రెండింటికీ విరుగుడు మందు లేదు.

కాస్తే చచ్చేది క్రిమి. విషం అలాగే ఉంటుంది. పైగా కణాలు పగిలి లోపలున్నది కూడా నీళ్ళలోకి దిగుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళ మీద మన ఇళ్ళలో ఉన్న గురి నాకు తెలియనిది కాదు. టైఫాయిడ్‌కీ కలరాకీ అది మంచి జాగ్రత్తే. ఇక్కడ పనికిరాదు. క్లోరిన్ బిళ్ళలూ, ట్రెక్కింగ్‌కి కొన్న ఫిల్టరూ కూడా నమ్ముకోదగ్గవి కావు.

ఒక కుటుంబం బాగా గుర్తుంది. ఆర్వీ ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. కొడుకూ కోడలూ పిల్లలతో ట్రైలు (కాలిబాట) మీదికి వెళ్ళారు. పెద్దావిడ ఊరికే కూర్చోలేక బకెట్‌తో చెరువు నీళ్ళు తెచ్చి, చీరముక్కతో వడగట్టి, స్టవ్ మీద పెట్టింది. పక్క సైటులో గుర్రాన్ని చూడ్డానికి వెళ్ళిన నన్ను తెలుగువాణ్ణని తెలిసి కాఫీకి పిలిచింది. చూస్తే గిన్నె అంచు చుట్టూ చిక్కటి ఆకుపచ్చ చార. ఇవి పారబోద్దామమ్మా అంటే ఆవిడ మొహం చిన్నబోయింది. “సలసలా మరగనిచ్చాను బాబూ” అంది. ఆవిణ్ణి ఏమనగలం? కాస్త దూరంలోనే కుళాయి ఉందని ఆవిడకెవరూ చెప్పలేదు. నీళ్ళు ఆ కుళాయి నుంచే పట్టుకోండి. అయితే డంప్ స్టేషన్ (ఆర్వీ మురుగు వదిలే చోటు) దగ్గర కడుక్కోవడానికి పెట్టిన కుళాయి తాగడానికి కాదు, ఆ గొట్టం ట్యాంకుకు తగిలించకండి.

దీని తోకల్లాంటి మాటలు ఇంకా రెండున్నాయి. “జంతువులకు తెలుస్తుంది, చెడ్డ నీళ్ళు ముట్టవు” అనేది గుర్రాలవాళ్ళ మాట, అదీ ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళ నోట. ఏం తెలియదు. దాహం వేసిన గుర్రం తెట్టెను మూతితో పక్కకు నెట్టి మరీ తాగుతుంది. కుక్కలైతే ఈదొచ్చి ఒళ్ళంతా నాక్కుంటాయి. 2011లో కాన్సస్‌లోనే మిల్‌ఫోర్డ్ చెరువును పాచి కమ్మినప్పుడు కుక్కలు చచ్చిపోయాయి. ఆ ఏడే ఓక్లహోమాలోని గ్రాండ్ లేక్‌లో ఈదిన సెనేటర్ జిమ్ ఇన్‌హోఫ్ జబ్బుపడి, పాచివల్లేనని చెప్పుకున్నారు.

రెండోది, “నిన్న పచ్చగా ఉంది, ఇవాళ తేటపడింది” అని. గాలి ఆ తెట్టెను ఎదుటి ఒడ్డుకు తోసి ఉంటుంది. గాలి మళ్ళితే తిరిగి మీ సైటు ముందుకే వస్తుంది. పాచి చచ్చినా విషం కొన్నాళ్ళు నీళ్ళలోనే ఉంటుంది. ఒక కర్ర ముంచి తీసి చూడండి. పోగులు పోగులుగా వేలాడితే మామూలు నాచు. పచ్చ పెయింటు పూసినట్టు పూత పడితే ఆ ఒడ్డు వదిలేయండి. పూత పడలేదని మాత్రం ధీమాగా దిగిపోకండి. రాష్ట్ర ఆరోగ్య శాఖ వేసవిలో చెరువులవారీగా, పాచి తీవ్రతను బట్టి వాచ్, వార్నింగ్, హజార్డ్ అని ప్రకటిస్తుంటుంది, బయలుదేరే ముందే చూసుకోండి. వార్నింగ్ ఉంటే గుర్రాన్నీ కుక్కనీ పిల్లల్నీ నీళ్ళలో దించొద్దు. అంతమాత్రాన ట్రిప్పు మానుకోనక్కర్లేదు, ఒడ్డుకు దూరంగా ట్రైలు తిరగొచ్చు. చేపలు పడితే పేగులు పారేసి, కండ మంచినీళ్ళతో కడిగి వండుకోండి.

కుక్కో గుర్రమో పొరపాటున దిగిందా, చేతులకు తొడుగులేసుకుని మంచినీళ్ళతో కడిగేయండి. చొంగ కార్చినా, వణికినా, తూలినా క్షణం ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా సరే, మొహమాటపడొద్దు.

అపోహ: దాహం వేస్తే గుర్రం అదే తాగుతుంది

తెట్టెను నెట్టి తాగే గుర్రాలే కాదు, రుచి మారితే బకెట్ ముట్టనివీ బోలెడు. ఎండల్లో పెద్ద గుర్రానికి రోజుకు 40 లీటర్లు దాటినా దాటుతుంది. ఎండుగడ్డి తింటూ నీళ్ళు తాగకపోతే పేగులో పేడ గట్టిపడి కోలిక్, అంటే తీవ్రమైన కడుపునొప్పి, వస్తుంది. ముందుకాలితో నేల తవ్వుతున్నా, మాటిమాటికీ డొక్క వైపు తిరిగి చూస్తున్నా, పడి దొర్లుతున్నా రేపు చూద్దాం అనుకోవద్దు. ఇంటి నీళ్ళు కొన్ని డ్రమ్ముల్లో తెచ్చుకోండి. లేదా ప్రయాణానికి కొన్ని రోజుల ముందునుంచే బకెట్లో కాస్త ఆపిల్ రసం కలిపి అలవాటు చేయండి. ఆ వాసనకు కొత్త నీళ్ళు కూడా తాగేస్తుంది.

మిగతావి గబగబా

కాగిన్స్ పరీక్ష కాగితం ఉత్త తతంగం కాదు. అది గుర్రాలకు అంటుకునే ఒక రక్తహీనత జబ్బును పట్టే రక్తపరీక్ష. ఆ జబ్బుకు టీకా లేదు, చికిత్సా లేదు, రక్తం పీల్చే ఈగలు మోసుకుపోతాయి. మనుషులకు రాదు. వెస్ట్ నైల్ కూడా గుర్రం నుంచి పిల్లలకు రాదు, వచ్చేది దోమకాటుతో. భయపడాల్సింది తన్నులకు. యజమానిని అడక్కుండా గుర్రం దగ్గరికి పంపొద్దు, వెనకనుంచి అసలే వద్దు. క్యారెట్ పెడితే అరచేయి చాచి పెట్టమనండి.

దారిలో కొన్న అల్ఫాల్ఫా గడ్డి మోపు విప్పి చూడకుండా వేయొద్దు. అందులో బ్లిస్టర్ బీటిల్ అనే విషపు పురుగులుంటే, చచ్చి ఎండినవైనా గుర్రాన్ని చంపేయగలవు.

ఇక సుడిగాలి. ఆర్వీలో తలుపులేసుకుంటే చాలదు, హైవే వంతెన కింద దూరడం ఇంకా ప్రమాదం. సైటులో దిగగానే గట్టి ఆశ్రయం ఎక్కడుందో అడిగి, పిల్లలకు చూపించి రండి. చాలాచోట్ల అది షవర్ల కట్టడమే అవుతుంది. మరి గుర్రాల సంగతేమిటని అడుగుతారు. ఫోన్ నంబరు రాసిన ట్యాగు ముందే జూలుకు కట్టి ఉంచండి. సైరన్ మోగాక వాటి దగ్గరికి వెళ్ళకండి, పిల్లల్ని తీసుకుని లోపలికి పదండి.