ఎండలో ఎంతసేపు?

శ్రీకాకుళం జిల్లాలో ఒంటిమీద మచ్చ లేచిందంటే అరసవల్లి మొక్కు గుర్తొస్తుంది. సూర్యనారాయణస్వామిని కొలిస్తే చర్మరోగాలు పోతాయని నమ్మకం. ఆ సూర్యుడి వెలుగే పడని అరుదైన జబ్బు ఒకటుంది: ఎరిత్రోపోయెటిక్ ప్రోటోపార్ఫిరియా, పొట్టిగా ఈపీపీ.

మన రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ తయారయ్యేటప్పుడు, దాని ముడిసరుకైన ప్రోటోపార్ఫిరిన్‌లో ఇనుమును చేర్చేది ఫెర్రోకెలటేజ్ అనే ఎంజైమ్. పుట్టుకతోనే అది తక్కువైతే ప్రోటోపార్ఫిరిన్ మిగిలిపోయి ఎర్రకణాల్లో పేరుకుంటుంది. చర్మం కింద దానిమీద ఊదా రంగు వెలుగు పడగానే మంట మొదలు. ఉభాల్లో రోజంతా వంగితే వీపు కమలడం వేరు. ఇది నిమిషాల్లో మొదలై రోజుల తరబడి ఉంటుంది, మామూలు నొప్పి మాత్రలకు లొంగదు. పైకి పెద్దగా ఏమీ కనిపించదు కాబట్టి పిల్లలు ఏడిస్తే వేషాలనుకుంటారు. ఈ వెలుగు బస్సు అద్దంలోంచి కూడా వస్తుంది, మామూలు సన్‌స్క్రీన్ దాన్ని ఆపలేదు.

మరి మందు పనిచేసిందని తేల్చడం ఎలా? ఈ రోగులు చిన్నప్పటి నుంచీ నీడపట్టునే బతికినవాళ్ళు. మందు వేసినా గుమ్మం దాటడానికి భయం. దాటకపోతే నొప్పే రాదు, అసలు మందుకీ డమ్మీ మందుకీ తేడా తెలియదు. అందుకే అఫామెలనోటైడ్ అనే మందు పరీక్షల్లో నొప్పి లేకుండా నేరుగా ఎండలో గడిపిన గంటలు లెక్కపెట్టారు. 2015లో వెలువడిన ఫలితాల్లో, ఐరోపాలో తొమ్మిది నెలల మొత్తానికి ఆ గంటల మధ్యస్థ విలువ (వరుసగా పేరిస్తే నడిమి సంఖ్య) మందు తీసుకున్నవాళ్ళకు 6 గంటలు, డమ్మీ వాళ్ళకు 0.8 గంట. అమెరికాలో ఆరు నెలల మొత్తానికి 69.4 గంటలు, 40.8 గంటలు. ఎండకు కొదవలేని మనకు ఆ ఆరు గంటలు లెక్కలోకి రావు. వాళ్ళకు మాత్రం అది కొత్త సంగతే.

ఇంకో చిక్కు, ఈ మందు మెలనిన్ పెంచి చర్మాన్ని నల్లబరుస్తుంది. తనకు అసలు మందే పడిందని రోగి అద్దంలో చూసుకుని పసిగట్టేయగలడు. ('నల్లబడితే పెళ్ళెలా' అనే మన ఇళ్ళలో అమ్మల టెన్షన్ వేరు.) అయినా 2014లో ఐరోపా, 2019లో అమెరికా అనుమతినిచ్చాయి.

బిటోపెర్టిన్ అనే మాత్ర ప్రోటోపార్ఫిరిన్‌నే తగ్గిస్తుంది కాబట్టి రక్తపరీక్షతో తేల్చేయొచ్చనిపిస్తుంది. రెండో దశ పరీక్షలో ఎక్కువ మోతాదుకు అది 40 శాతం దాకా తగ్గింది కూడా. కానీ డమ్మీ మాత్ర మింగినవాళ్ళు సైతం మునుపటికంటే ఎక్కువసేపు బయట తిరగడంతో, ఎండలో గడిపిన గంటల్లో స్పష్టమైన తేడా తేలలేదు.