ఎదుటి జట్టు విమాన టికెట్ ఎవరు కొనాలి?

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ పోటీ ఎన్‌ఆర్‌ఎల్‌లోకి 2027లో పెర్త్ బేర్స్, 2028లో పాపువా న్యూ గినీ జట్టు రాబోతున్నాయి. పాపువా జట్టుకీ, పసిఫిక్ దీవుల్లో ఆటను పెంచడానికీ కలిపి ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్లలో 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఇస్తానంది. కొత్త ఊళ్లో ఓ ఆట దుకాణం తెరవడానికి ఖజానా తలుపు ఎందుకు తట్టాల్సి వచ్చిందో తెలియాలంటే, ఇంతకుముందు తెరిచి మూసేసిన దుకాణాల పద్దులు తిరగేయాలి.

ముందు ఆట సంగతి. మనవాళ్లు ‘రగ్బీ’ అనగానే అనుకునేది రగ్బీ యూనియన్, జట్టుకి 15 మంది. రగ్బీ లీగ్ వేరు. ఇందులో 13 మంది. బంతి ఉన్నవాడిని పట్టి ఆపితే లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి మళ్లీ మొదలుపెడతాడు. అలా ఆరుసార్లు దొరికిపోయేలోపు పని కానిచ్చుకోకపోతే బంతి ఎదుటివాళ్లది. కూత లేని కబడ్డీ అనుకోవచ్చు. ఇది పుట్టిందే కూలి డబ్బుల పేచీతో. ఉత్తర ఇంగ్లండ్‌లో గని కార్మికులు, మిల్లు కార్మికులు శనివారం ఆటకొస్తే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టం కట్టివ్వడానికి పెద్దలు ఒప్పుకోకపోవడంతో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో క్లబ్బులు కూర్చుని విడిపోయాయి. ఈనాటికీ ఆట బలం ఎక్కువగా ఉత్తర ఇంగ్లండ్ పట్టణాల్లో, సిడ్నీ, బ్రిస్బేన్ చుట్టుపక్కల. ఆ గీత దాటితే చాలాచోట్ల కొత్త నేలే.

గీత దాటినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది పెర్త్. 1995లో వెస్టర్న్ రెడ్స్ పేరుతో జట్టు వచ్చింది. పోటీలో చేర్చుకుంటూ పెట్టిన షరతు ఏమిటంటే, సిడ్నీ వైపు నుంచి వచ్చే జట్ల విమాన ఖర్చు రెడ్సే భరించాలి. పూర్వం ఆడపిల్లవారు మగపెళ్లివారికి దారి ఖర్చులిచ్చి విడిది ఏర్పాటు చేసినట్టన్నమాట. ఖండాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు దాటే ప్రయాణం అది. అప్పులు పేరుకున్నాయి. 1997తో జట్టు మూతపడింది.

ఇంగ్లండ్‌లో రగ్బీ లీగ్ పై అంచె పోటీ సూపర్ లీగ్ కథ మరోలా నడిచింది. 1996 మార్చి 29న తొలి మ్యాచ్ పారిస్‌లోనే పెట్టారు. షార్లెటీ మైదానంలో పారిస్ సెయింట్ జర్మెయిన్ పేరుతో ఆడిన రగ్బీ లీగ్ జట్టు 30-24తో షెఫీల్డ్‌ను ఓడించింది. 17 వేలకు పైగా జనం. శుభారంభమే. కానీ ఆటగాళ్లలో చాలామంది ఫ్రాన్స్ స్థానిక పోటీల్లో తమ సొంత క్లబ్బులకూ ఆడుతూ అలసిపోయారు. రెండో ఏడు ఆస్ట్రేలియా నుంచి మనుషుల్ని దింపారు. పారిస్ వాళ్లకి ఆ జట్టులో తమవాడంటూ ఎవరూ కనబడలేదు. రెండేళ్లూ 12 జట్లలో పదకొండో స్థానం. ఆ తర్వాత జట్టే లేదు.

ఫ్రాన్స్‌లోనే పదేళ్ల తర్వాత పెర్పిన్యాన్‌లో కాటలాన్స్ డ్రాగన్స్ ఎందుకు నిలిచింది? మొదటి కారణం, ఆ ప్రాంతానికి రగ్బీ లీగ్ 1930ల నుంచీ తెలుసు. రెండోది కాగితం మీది రక్షణ. మూడేళ్లపాటు కింది డివిజన్‌కి దించబోమని ముందే రాసిచ్చారు. 2006లో కాటలాన్స్ అట్టడుగున నిలిచింది. అయినా దిగిపోయింది దానిపైనున్న కాజిల్‌ఫర్డ్. కాజిల్‌ఫర్డ్ వాళ్లకి కడుపు మండిందంటే తప్పులేదు. కానీ ఆ రక్షణే లేకపోతే 2007లో వెంబ్లీలో ఇంగ్లండ్ నాకౌట్ పోటీ చాలెంజ్ కప్ ఫైనల్ ఆడటం గానీ, 2018లో ఆ కప్పు గెలవడం గానీ ఉండేవి కావేమో.

అందరూ చర్చించుకునేది కెనడా జట్టు టొరంటో వుల్ఫ్‌ప్యాక్ గురించి. 2017లో ఇంగ్లండ్ మూడో అంచెలో అడుగుపెట్టింది. సముద్రం అవతలి జట్టు, పైగా మంచు దేశం. సొంత మైదానం లాంపోర్ట్ స్టేడియంలో వసంతం ముదిరేదాకా ఆడలేరు కాబట్టి ముందు బయటి మ్యాచ్‌లు, తర్వాత విడతలవారీగా సొంత మ్యాచ్‌లు. అదే ఏడు మే 6న తొలి సొంత మ్యాచ్‌కి 6,281 మంది వచ్చారు. 2019 అక్టోబరులో ఫెదర్‌స్టోన్‌ను 24-6తో ఓడించి సూపర్ లీగ్‌కి ఎక్కిన రోజున జనం 9,974. ఇంగ్లండ్‌లో చాలా క్లబ్బులు ఆశపడే సంఖ్య అది.

ఇక్కడ పద్దు చూడాలి. మైదానంలో 13 మంది, ప్రత్యామ్నాయంగా నలుగురు, శిక్షకులు, వైద్య సిబ్బంది కలిపితే ఒక్కో జట్టు ప్రయాణమంటే పాతిక ముప్పై టికెట్లు. వచ్చే జట్ల విమానం, బస ఖర్చు మళ్లీ టొరంటో నెత్తినే. పెర్త్ షరతు ఇరవై రెండేళ్లకి అట్లాంటిక్ దాటిందన్నమాట. సూపర్ లీగ్‌కి ఎక్కాక మిగతా క్లబ్బులకు అందే ప్రసార హక్కుల వాటా టొరంటోకి లేదు. కెనడాలో హక్కులు అమ్ముకుని సంపాదించుకోవాలని లెక్క. తెలియని ఆటకి అక్కడ కొనేవాడేడీ? పోషించేది ఒక్క యజమాని జేబు. ఆ జేబుతోనే న్యూజిలాండ్ రగ్బీ స్టార్ సోనీ బిల్ విలియమ్స్‌ను తెచ్చారు. అప్పట్లో ఒక్కో జట్టు జీతాల పరిమితి 21 లక్షల పౌండ్లు. అలాంటి స్టార్ ఆటగాడి జీతం ఎంతైనా పరిమితిలో లక్షా యాభై వేలే లెక్కకొచ్చేది. అది సరే, మిగతా జట్టు పలచబడింది. 2020లో ఆడిన ఆరు లీగ్ మ్యాచ్‌లూ ఓడింది.

మార్చిలో కోవిడ్ వచ్చింది. వాతావరణం కోసం సొంత మ్యాచ్‌లు వెనక్కి నెట్టడంతో టొరంటో తన ఊళ్లో ఒక్క సూపర్ లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే ఆగిపోయింది. గేటు వసూళ్లు సున్నా, ప్రసార వాటా సున్నా. జూలై 20న తప్పుకుంది. నవంబరులో తిరిగి చేర్చుకోవడంపై ఓటింగ్ పెడితే 8-4తో వద్దన్నారు. జనం రాలేదని ఈ కథకి ఎవరైనా ముగింపు రాస్తే అది అబద్ధం.

ఆ తర్వాత అమెరికా, కెనడా జట్లతోనే సొంత పోటీ పెడదామని 2021లో నార్త్ అమెరికన్ రగ్బీ లీగ్ ప్రకటించారు. తేదీలు వాయిదా పడ్డాయి, జట్లు జారుకున్నాయి, చెప్పిన సీజన్ జరగనే లేదు. అంతకుముందు 2025 ప్రపంచ కప్పు అమెరికాకి ఇచ్చి 2018లో వెనక్కి తీసుకున్నారు. మైదానం దగ్గరే చిక్కు మొదలవుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 49 మీటర్లకు లోపే. రగ్బీ లీగ్‌కి కావలసింది 68.

ఎన్‌ఆర్‌ఎల్ 2024 నుంచి వేరే దారి పట్టింది. జట్టు పెట్టకుండా ఏడాదికోసారి లాస్ వేగాస్‌లో మ్యాచ్‌లు పెట్టి వచ్చేస్తోంది. మొదటి ఏడు 40,746 మంది వచ్చారు. అందులో ఆస్ట్రేలియా నుంచి విమానమెక్కి వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. ఈసారి విమాన టికెట్ ప్రేక్షకుడే కొన్నాడు.

మన దగ్గర 2025 జూన్‌లో జీఎమ్మార్, రగ్బీ ఇండియా కలిసి నడిపిన రగ్బీ ప్రీమియర్ లీగ్ యూనియన్ శాఖకు చెందిన సెవెన్స్ పోటీ, జట్టుకి ఏడుగురే. ఆరు జట్లు, 34 మ్యాచ్‌లు, రెండు వారాలు, అన్నీ ముంబయి అంధేరీలోని ఒకే మైదానంలో. ప్రయాణాల పద్దు ఆ రకంగా తప్పించుకున్నారు. హైదరాబాద్ హీరోస్ మాత్రం హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.