తుపాను సాయం: రోజూ వినే అపోహలు, తోటల్లో కనిపించే వాస్తవాలు

తుపాను తర్వాత ఊళ్ళకు వచ్చే వాలంటీర్లకు ఎక్కడ ఏ పని ఉందో చూసి అప్పగించడం నా బాధ్యత. ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా తిత్లీ తుపాను తర్వాతి ఉద్దానం (శ్రీకాకుళం జిల్లాలో తోటల ప్రాంతం) గురించే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి, పనస తోటలను నేలమట్టం చేసింది. ఆ తర్వాత ఏ తుపాను వచ్చినా ఫోన్లో ఈ కింది మాటలే వింటున్నాను.

అపోహ: మొదటి వారంలోనే మనుషులు కావాలి, తర్వాత వెళ్ళి చేసేదేమీ ఉండదు.

వాస్తవం: మొదటి వారంలో రోడ్ల మీద చెట్లు తీయడం ఎన్‌డీఆర్‌ఎఫ్, ఫైర్, కరెంటు సిబ్బంది, ఊరి కుర్రాళ్ళు చూసుకుంటారు. అనుభవం లేని వందమంది అప్పుడే దిగితే వాళ్ళకి తిండి, నీళ్ళు, పడక చూడటం ఊరికి ఇంకో టెన్షన్. తిత్లీ దసరా నవరాత్రుల్లో వచ్చింది. సెలవుల్లో వచ్చిన జనం సెలవులతోనే వెళ్ళిపోయారు. తోటల్లో దుంగలు మాత్రం సంక్రాంతికి కూడా అలాగే పడి ఉన్నాయి. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఫొటోలకు పనికిరాని పని కాబట్టి దానికి మనుషులు దొరకరు.

అపోహ: పడిన కొబ్బరి చెట్టును వదిలేస్తే కుళ్ళి ఎరువవుతుంది.

వాస్తవం: ఎరువు సంగతి తర్వాత, ముందు కొమ్ము పురుగు పుడుతుంది. కుళ్ళే కొబ్బరి మొద్దుల్లో, పెంట కుప్పల్లో అది గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు ఆ మెత్తటి చెక్క తింటూ పెరుగుతాయి. రెక్కలొచ్చాక బయటికి వచ్చి మొవ్వులోకి, అంటే చెట్టు తలలోని లేత చిగురులోకి దూరి, ఇంకా విప్పుకోని ఆకును కొరుకుతాయి. ఆ ఆకు విప్పుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తుంది. పెద్ద చెట్టు తట్టుకుంటుంది కానీ కొత్తగా నాటిన మొక్క మొవ్వు పోతే చచ్చిపోతుంది. గాయపడి నిలబడ్డ చెట్లకేమో ఎర్రముక్కు పురుగు బెడద. దెబ్బతిన్న చోట కారే రసం వాసనకే అది వస్తుంది.

అంటే దుంగలు తీయకుండా కొత్త కొబ్బరి మొక్కలు పంచితే పురుగుకు మేత పంచినట్టే. ముదురు చెట్ల మొదలు భాగం గట్టిగా ఉంటుంది, కోయించి వాసాలకు వాడుకోవచ్చు. మిగతాది చీల్చి ఎండబెట్టాలి, లేదా కాల్చేయాలి. పెంట గుంటల్లో మెటారైజియం అనే శిలీంధ్రం పొడి కలిపితే పిల్ల పురుగులు చస్తాయి. దేశవాళీ పొడవు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఈలోగా రైతు బతకడానికి మొక్కల మధ్య అరటో కూరగాయలో ఉండాలి. కొబ్బరి మొక్కలతో పాటు కూరగాయల విత్తనాలు కూడా తెచ్చిన బృందాలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అపోహ: రంపం ఉంటే చెట్టు ఎవరైనా కోయొచ్చు.

వాస్తవం: వేళ్ళతో సహా ఒరిగిన చెట్టు కాండాన్ని కోస్తే బరువు తగ్గి, వేరు ముద్ద ఒక్కసారిగా తాను పెకిలి వచ్చిన గుంటలోకి తిరిగి పడుతుంది. ఆ గుంటలో మనిషి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. వంగి బిగుసుకున్న కొమ్మ కూడా కోయగానే ఎగిరి తంతుంది. అనుభవం లేనివాళ్ళు మట్టలు మోయండి, చాలు. తెగిన తీగలో కరెంటు లేదని లైన్‌మన్ చెప్పేదాకా దాని దగ్గరికి వెళ్ళొద్దు. ఎవరింట్లోనో జనరేటర్ తప్పుగా కలిపితే ఆ తీగలోకి వెనక నుంచి కరెంటు వస్తుంది.

అపోహ: నష్టం రాసుకోవడం అధికారుల పని.

వాస్తవం: రాసేది వాళ్ళే, కానీ రాయించుకోవాలి కదా. భూమి కాగితాలు ఒకరి పేరున, సాగు ఇంకొకరిది అయినప్పుడు కౌలు రైతు పేరు నష్టపరిహారం జాబితాలోకి రావడం కష్టం. 2019లో వచ్చిన చట్టంతో కౌలు రైతులకు సాగు హక్కు పత్రం దొరుకుతోంది. అయినా దానికి భూ యజమాని ఒప్పుకోవాలి, చాలాచోట్ల ఒప్పుకోరు. అందుకే చెట్లు తొలగించే ముందే ప్రతి తోటలో ఫొటోలు తీయడం, పడిన చెట్లు లెక్కపెట్టి రైతుతో సంతకం చేయించడం, జాబితా అంటించిన రోజు వెళ్ళి పేరు ఉందో లేదో చూసి చెప్పడం, లేకపోతే అర్జీ రాసివ్వడం చేయాలి. డిగ్రీ చదివే పిల్లలు ఈ పని బాగా చేస్తారు. నన్నడిగితే లారీడు బియ్యం కంటే ఇదే ఎక్కువ ఉపయోగం.

అపోహ: పాత బట్టలైనా పంపితే సాయమే.

వాస్తవం: కాదు. 2004 సునామీ తర్వాత నాగపట్నం వైపు రోడ్ల పక్కన పాత బట్టల గుట్టలు పేరుకుపోయాయి. బరకాలు, తాళ్ళు, దోమతెరలు పంపండి.

అపోహ: బ్లీచింగ్ ఎంత ఎక్కువేస్తే నీళ్ళు అంత శుభ్రం.

వాస్తవం: మంచి పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు, కలిపాక కనీసం అరగంట ఆగాలి. మురికి నీళ్ళను ముందే తేర్చి వడకట్టాలి, లేకపోతే మందు ఆ మురికికే ఖర్చవుతుంది. ఒక మాట, ఉద్దానంలో ఇంటింటా కిడ్నీ జబ్బు భయం ఉంది. బ్లీచింగ్‌తో ఆ భయమూ పోతుందని ఎవరికీ చెప్పకండి. అది సూక్ష్మక్రిములను చంపడానికే. డయాలసిస్ చేయించుకునేవాళ్ళ పేర్లు ఆశా కార్యకర్తను అడిగి, వాళ్ళ దారిలో పడ్డ చెట్లు ముందు తీయండి.

అపోహ: డబ్బు తీసుకోకుండా చేసే పని వల్ల ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: తోట పోతే రైతుతో పాటు కూలీకీ పని పోతుంది. కాయ దింపేవాళ్ళు, పీచు తీసేవాళ్ళు, జీడి పిక్క ఏరే ఆడవాళ్ళు ఖాళీగా కూర్చుని ఉంటే బయటి నుంచి వచ్చినవాళ్ళు ఊరికే దుంగలు మోస్తుంటారు. బస్సు ఖర్చు మిగిల్చి ఆ డబ్బుతో వాళ్ళకే కూలి ఇవ్వొచ్చు. సరుకులు కూడా పలాస బజారులోనో ఊరి కొట్లోనో కొనండి. వచ్చే ముందు సర్పంచ్‌కో మహిళా సంఘం లీడర్‌కో ఫోన్ చేసి, ఏ పనికి మనుషులు కావాలి, ఏ పనికి కూలీలున్నారు అని అడగండి. "ఇప్పుడు రావద్దు, రెండు నెలలాగి రండి" అంటే ఆ తేదీ రాసుకోండి.